సవరించని గొంతు

విశాఖ తీరంలోని ఆ నియంత్రణ గదిలో పన్నెండు మంది ఒకేసారి మాట్లాడుతున్నా ఎవరి మాటా తడబడటం లేదు. అందరి మెడకూ వాక్సవరణి ఉంది. మనిషి అనబోయే మాటను గొంతులోనే పట్టి, నత్తినీ యాసనీ వణుకునీ తీసేసి, నున్నగా బయటికి పంపే సన్నటి పట్టీ అది. నియంత్రకురాలు వారిజ పదకొండేళ్లుగా నలుగురిలో దాన్ని తీయలేదు. ఆమెకు నత్తి ఉందని అక్కడ ఎవరికీ తెలియదు.

ఆ ఉదయం సముద్రంలో తొంభై మీటర్ల లోతున, ఒక్కరే పట్టే చిన్న జలాంతర్గామి లాంటి జలపేటికలో ఆమె అన్న నూకరాజు ఇరుక్కున్నాడు. కేబుల్ మరమ్మతుకు దిగినవాణ్ని దారిచూపే యంత్రం పొరపాటున బురదలోకి నడిపించింది. ఇక పద్దెనిమిది నిమిషాలకే గాలి ఉంది.

"అన్నా, కుడిపక్క కొక్కెం విప్పు. బరువులు ఊడి పేటిక పైకి తేలుతుంది," అంది వారిజ.

ఊపిరాడక పట్టీ పీకేసుకున్నాడేమో, అతని అసలు గొంతే వినిపించింది. "నాను ఇప్పను. ఇందాక మా సెల్లి గొంతుతోనే ఎడంపక్కకి ఎల్లమన్నావు. ఎల్తే ఏటయింది?"

తనను దారిచూపే యంత్రమే అనుకుంటున్నాడని వారిజకు అర్థమైంది. కంగారుపడ్డవాళ్లను ఊరడించడానికి యంత్రం అయినవాళ్ల గొంతుతో మాట్లాడుతుంది. అది నేర్చుకున్నది సవరించిన గొంతులే. తన గొంతుకూ దాని గొంతుకూ వెంట్రుకవాసి తేడా లేదు.

"నేనే అన్నా! నిజంగా వారిజనే!"

"అదీ అలాగే అంది." ఆమె ఎంత బతిమాలినా అతను వినలేదు.

"ఇంక పదకొండు నిమిషాలే, వారిజగారూ," అంది పర్యవేక్షకురాలు సుగుణమణి.

వారిజ చెయ్యి మెడ మీదికి పోయి ఆగింది. బడిలో పాఠం చదవమన్నప్పుడల్లా వెనక బెంచీల్లోంచి వచ్చిన నవ్వులు చెవుల్లో మోగాయి. ఇంతమంది ముందు, ఇప్పుడు! కళ్లు గట్టిగా మూసుకుని పట్టీ పీకేసింది.

"అ... అ... అ..."

మాట రాలేదు. తలలన్నీ ఇటు తిరిగాయి.

"అ... అన్నా... కొ... కొ... కొక్కెం... ఇ... ఇప్పు!"

అటువైపు నుంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడు.

"ఓలమ్మో! నువ్వేనేటే! ఉండు, ఇప్పుతున్నా."

కాసేపటికి, పైన కాచుకున్న పడవవాళ్లు అతన్ని ప్రాణాలతో బయటికి లాగారని కబురు వచ్చింది.

ప్రమాద నివేదిక కోసం నమోదు యంత్రం అడిగింది: "నియంత్రకురాలి పేరు?"

"వా... వా..."

"గుర్తించలేకపోయాం. వాక్సవరణి ధరించండి."

సుగుణమణి బల్ల మీది పట్టీని అందించబోయింది. వారిజ తల అడ్డంగా ఊపింది. చేతుల్ని ఒళ్లో బిగించుకుని మళ్లీ మొదలుపెట్టింది. ఆమె పేరు పూర్తయ్యేదాకా గదిలో ఎవరూ నోరు మెదపలేదు.