ఎస్కేప్ కీ మీద వేలు

ఉదయం ఎనిమిదిన్నరకు డ్యామ్ ఆపరేటర్‌ను కంట్రోల్ రూమ్ మెట్ల మీద కాల్చి చంపారు. తొమ్మిదింటికల్లా ఏజెంట్ చెకుముకి తన చీఫ్ ఎదుట నిలబడి ఉంది.

"విదేశీ ముఠా పని. పదిన్నరకు గేట్లన్నీ ఒకేసారి తెరుచుకునేలా కంప్యూటర్‌లో ప్రోగ్రామ్ పెట్టారు. పాస్‌వర్డ్ మార్చేశారు. దిగువన నలభై ఊళ్లు," అన్నాడు చీఫ్.

"ప్లగ్ పీకేస్తే?"

"మూడు నిమిషాలు కంప్యూటర్ పలక్కపోతే గేట్లు అప్పుడే లేస్తాయి. లోపలున్న సేఫ్టీ కన్సల్టెంట్ మన మనిషే. వెళ్లు."

పదీ ఇరవైకి ప్రింటర్ మెకానిక్ వేషంలో, నల్లపొడి నిండిన టోనర్ డబ్బా పట్టుకుని ఆమె కంట్రోల్ రూమ్‌లో అడుగుపెట్టింది. ఎదురుగా తెల్లటి పట్టు స్కార్ఫ్ వేసుకున్న స్త్రీ, ఖరీదైన సెంటు వాసన. కన్సల్టెంట్ చిరునవ్వు నవ్వింది.

"లిఫ్ట్ పనిచేస్తోందా?"

"మెట్లే నయం," అంది చెకుముకి. కోడ్ సరిపోయింది.

ఆ లైనక్స్ మెషీన్ ఆన్ అయ్యేటప్పుడు బూట్ మెనూ చూపించకుండా నేరుగా లాగిన్‌కి వెళ్లిపోతుంది. దాగున్న ఆ మెనూను బయటికి లాగితే రికవరీ మోడ్ దొరుకుతుంది. అక్కడ పాస్‌వర్డ్ అక్కర్లేదు. చెకుముకి షిఫ్ట్ నొక్కి పట్టి రీస్టార్ట్ చేసింది. మళ్లీ లాగిన్ తెరే వచ్చింది. కొత్త రకం మెషీన్, ఎస్కేప్‌కే లొంగుతుంది. రెండోసారి రీస్టార్ట్ చేసింది.

వెనక పిస్టల్ క్లిక్‌మంది. అదే క్షణంలో చెవిలోని ఇయర్‌పీస్‌లో చీఫ్ గొంతు. "ఆ కన్సల్టెంట్ డబుల్ ఏజెంట్. బయటికి వచ్చెయ్. ఇది ఆర్డర్."

"రాను సార్."

"చెయ్యి తియ్," అంది కన్సల్టెంట్. "పొద్దున ఆపరేటర్ కూడా ఇలాగే మొండికేశాడు."

"తియ్యను. కాల్చండి. ఈసారి కాంపౌండ్ గేటు దగ్గర గార్డులున్నారు, పరుగెత్తుకొస్తారు. మీరు తప్పించుకోలేరు."

తెర మీద కంపెనీ బొమ్మ మాయమవుతుండగా చెకుముకి టకటకా ఎస్కేప్ కొట్టింది. ఒక దెబ్బ ఎక్కువైంది. మెనూకి బదులు నల్లటి తెర, దాని మీద ఆజ్ఞ కోసం ఎదురుచూస్తూ grub> అన్న ఒక్క ముక్క.

కన్సల్టెంట్ నవ్వింది. "అయిపోయింది నీ పని."

చెకుముకి normal అని టైప్ చేసి ఎంటర్ కొట్టి, వెంటనే ఎస్కేప్ ఒక్కసారే నొక్కింది. తెర మీద మెనూ విచ్చుకుంది.

నవ్వు ఆగిపోయింది. కన్సల్టెంట్ ట్రిగ్గర్ నొక్కేలోగా చెకుముకి పక్కనే మూత తీసి ఉంచుకున్న టోనర్ డబ్బాను ఆమె ముఖాన విసిరింది. తూటా సీలింగ్‌లోకి దూసుకుపోయింది. నల్లపొడిలో దగ్గుతూ కూలబడిన కన్సల్టెంట్ పిస్టల్‌ను చెకుముకి కాలితో బల్ల కిందికి తన్నింది. గార్డులు వచ్చి కన్సల్టెంట్‌ను పట్టుకున్నారు.

వాళ్ల అరుపులు చెకుముకి చెవికెక్కలేదు. రికవరీ మోడ్. రూట్ షెల్: ఇక మెషీన్ మొత్తం ఆమె చేతిలో. చనిపోయిన ఆపరేటర్ కుర్చీలోనే కూర్చుని, ముఠా ప్రోగ్రామ్‌ను వెతికి తుడిచేసి, మూడు నిమిషాల గడువు దాటకముందే మెషీన్‌ను మామూలుగా స్టార్ట్ చేసింది.

పదీ ఇరవై తొమ్మిది, యాభై ఆరు సెకన్లు. అంకె మారింది. పదిన్నర. గేట్లు కదల్లేదు.

"ఆర్డర్ ధిక్కరించావు," అన్నాడు చీఫ్ చెవిలో. "సంజాయిషీ రాసివ్వాలి."

"అలాగే సార్. ఎన్ని కాపీలు?"