చక్కెర లేని కాఫీ

"ఆ లోరిస్ దగ్గరున్న సిగరెట్ లైటర్ పొద్దున్నే సముద్రంలో పడాలి," అన్నాడు కల్నల్ వదీ. "మధ్యాహ్నం పార్లమెంటులో అధ్యక్ష ఎన్నిక. అర్థమైందా?"

"లైటర్‌లో ఏముంది సార్?" అడిగాడు నసీబ్.

"బుల్లి టేప్ రికార్డర్. మన విదేశాంగ మంత్రి రేమోన్ తబ్బాల్ గొంతుతో దొంగ టేపు. పొరుగుదేశపు ముఠా పని. లోరిస్ దాన్ని ఓ విదేశీ విలేకరికి అందిస్తోంది. అది పేపర్లోకెక్కితే రేమోన్ గారు అధ్యక్షుడు కారు. ఆయన గెలిచి మాట్లాడకపోతే ఆ దేశం చెరలో ఉన్న మన ఏడుగురు జాలర్లూ ఇంటికి రారు."

"లోరిస్ మన జీతం తినే మనిషి కదా సార్?"

"రెండు చోట్లా తింటుంది. ఆ పట్టు స్కార్ఫులు ఊరికే వస్తాయనుకున్నావా? బయల్దేరు."

బేరూత్ రహస్య విభాగంలో నసీబ్‌కు మంచి పేరుంది. చెప్పిన పని చేస్తాడు, ఎందుకని రెండోసారి అడగడు. ఆ పేరు చూసుకుని లోలోపల మురిసిపోయేవాడు కూడా, పిచ్చి మనిషి.

పెట్టుడు మీసంతో, నువ్వుల రొట్టెల బండి తోసుకుంటూ సముద్రపు ఒడ్డు రోడ్డు మీదికి వచ్చాడు. రెయిలింగ్‌ను ఆనుకుని లోరిస్ నిలబడి ఉంది. నల్ల కళ్ళజోడు, పసుపుపచ్చ స్కార్ఫు. వచ్చేపోయే కార్లన్నీ ఆమె దగ్గర నెమ్మదిస్తున్నాయి.

"రొట్టె మీదికి సుమాక్ పొడి అయిపోయింది మేడమ్, జాతర్ పొడి ఉంది," అన్నాడు నసీబ్.

విలేకరి మనుషులు వాడేదని కల్నల్ పసిగట్టి చెప్పి పంపిన కోడ్ మాట అది. విలేకరి మనిషే అనుకుని లోరిస్ లైటర్ అతని చేతిలో పెట్టింది. నసీబ్ దాన్ని సముద్రంలోకి విసిరేశాడు.

ఆమె నీళ్ళకేసి చూసింది. తరవాత అతని వైపు తిరిగింది.

"మీసం ఊడొస్తోంది, సరిచేసుకో. అందులో ఏముందో విన్నావా?"

"దొంగ టేపు."

"రేమోన్ గొంతే. పొరుగుదేశపు రాయబారితో మాట్లాడుతున్నాడు. ఎన్నికయ్యేదాకా జాలర్లను వదలొద్దు, గెలిచాక నేనే వచ్చి విడిపించుకెళ్తాను, మీ నౌకలకు మా రేవు తెరుస్తాను అని. ఆ ఏడుగురిలో మా తమ్ముడు తానియోస్ ఉన్నాడు. వాడికి ఉబ్బసం. మందు అందక అక్కడే పోయాడు. ఆ కబురు రేమోన్‌కు చేరింది. దాచేశాడు. నాకు తెలిసిందని వాళ్ళు పసిగడతారేమోనని ఇప్పటిదాకా ఏడవలేదు కూడా."

నసీబ్ నమ్మలేదు. గూఢచారిణి మాటలకు కరిగేవాడు ఈ వృత్తికి పనికిరాడని అతనికి శిక్షణలో నేర్పారు. బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు.

ఎన్నికకు ముందు రేమోన్ ఇంట్లో కాఫీ విందు. ఇక్కడ తాగి, ఇక్కడి నుంచే పార్లమెంటు సభ్యులంతా ఓటు వెయ్యడానికి వెళతారు. నసీబ్ తెల్లకోటు వేసుకుని కాఫీ వడ్డించే మనిషి వేషంలో వంటింట్లో కాపలా ఉన్నాడు. కల్నల్ వచ్చి భుజం తట్టాడు.

"శభాష్. సాయంత్రం సరిహద్దుకు కారు పంపాలి. ఆరుగురు పట్టేది చూడు."

"ఏడుగురన్నారు కదా సార్?"

కల్నల్ నాలుక కరుచుకున్నాడు. "నువ్వు కాఫీ సంగతి చూడు," అని వెళ్ళిపోయాడు.

నసీబ్‌కు తల కొట్టేసినట్టయింది. అంటే ఏడోవాడు నిజంగానే పోయాడు. లోరిస్ మాట నిజమని రుజువు చేసే ఒక్క సాక్ష్యాన్నీ తన చేత్తోనే నీళ్ళలో కలిపాడు. లైటర్ విసిరిన చెయ్యి తనది కాకపోతే బాగుండుననిపించింది. ఇక చేతిలో మిగిలింది కాఫీ గిన్నె ఒక్కటే.

పొయ్యి మీది తియ్యటి కాఫీ పారబోశాడు. చక్కెర వెయ్యకుండా కొత్తగా కాచాడు. పై అరలోంచి పిడిలేని చిన్న కప్పులు దించాడు. ఆ ఊళ్ళో అవి ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. చావు జరిగిన రోజున, చేదు కాఫీ పొయ్యడానికి తప్ప కిందికి దిగవు.

హాల్లో సభ్యులు మంత్రి పదవుల గురించి గొడవపడుతూ, చూడకుండానే కప్పులు అందుకున్నారు. అందరికన్నా పెద్దాయన మెల్హెమ్ ఒక్క గుక్కలో తాగేశాడు. శుభకార్యంలో కాఫీ తాగితే "దాయ్మే" అనాలి, ఈ ఇంట ఎప్పుడూ ఇలాగే ఉండాలని. కానీ నాలుక మీద చేదు తగలగానే, చావిళ్ళలో చిన్నప్పటి నుంచి అలవాటైన మాట దానంతటదే వచ్చేసింది.

"దేవుడు అతణ్ణి కరుణించుగాక," అన్నాడు మెల్హెమ్.

అందరూ చేతుల్లోని కప్పులు చూసుకున్నారు.

"ఎవరు పోయారు, రేమోన్ గారూ?" అడిగాడు పెద్దాయన.

రేమోన్ నవ్వబోయాడు. "ఏదో పొరపాటు..."

"తానియోస్," అన్నాడు నసీబ్ ట్రే పట్టుకునే. "చెరలో పోయిన బత్రూన్ ఊరి జాలరి."

"అది నీకెవరు చెప్పారు?" అన్నాడు రేమోన్.

అన్నాక గాని తానేమన్నాడో తెలియలేదు. బయట కార్లు అప్పటికే స్టార్ట్ చేసి ఉన్నాయి. మెల్హెమ్ కప్పు బల్ల మీద పెట్టాడు. "అయితే నీకు ముందే తెలుసన్నమాట," అంటూ లేచాడు. మిగతావాళ్ళూ లేచారు. ఒక్కరూ రేమోన్‌కు చెయ్యి అందించలేదు.

ఇక దాచుకుని లాభం లేదనిపించి, పొరుగుదేశం ఆరుగురినీ ఆ వారంలోనే వదిలేసింది. తానియోస్ శవపేటిక వాళ్ళతోనే వచ్చింది.

బత్రూన్‌లో తానియోస్ ఇంటి గుమ్మం ఎక్కడానికి నసీబ్‌కు ముఖం చెల్లలేదు. లోరిస్సే బయటికి వచ్చి కప్పు చేతిలో పెట్టింది.

"తాగు. నువ్వు కాచిన కాఫీ సంగతి విన్నాను. లైటర్ పారేసిందీ నువ్వే."

నసీబ్ తాగాడు. ఆ తరవాత అనవలసిన మాట మాత్రం అతని నోట్లోంచి రాలేదు.

ఎన్నికలో గెలిచిన మరొకాయనకు ఇంకో దేశంతో ఏదో ఒప్పందం ఉందని ఊరంతా చెప్పుకుంది. ఆయన ప్రమాణస్వీకారం నాడు వంటింట్లో నిలబడి, కాఫీలో చక్కెర పడిందో లేదో కల్నల్ వదీ స్వయంగా రుచి చూశాడు.