గులాబీ రంగు గవ్వ

ఎడారి ఊరు చాండ్లర్‌లో పర్సిస్ ఆంటీ వాళ్ల గరాజ్ చల్లగా ఉంటుంది. ఒక మూల చర్చి పొట్లక్ విందుల కోసం మడిచిపెట్టిన కుర్చీలు, మరో మూల ఆమె మైక్రోస్కోప్. ఆంటీ రిటైరైన జియాలజిస్ట్. బోరు వేసి తీసిన మట్టిలోంచి ఇసుక రేణువంత గవ్వల్ని ఏరి గుర్తుపట్టడం నాకు ఆమే నేర్పింది. ఈ ఎడారి కింద ఒకప్పుడు సముద్రం ఉండేదని మర్నాడు సిటీ కౌన్సిల్‌లో రుజువు చేస్తే, శిలాజాలున్న నేలని కాపాడాలంటూ గని కంపెనీ తవ్వకాన్ని ఆపొచ్చు. నేల అమ్మకపు సరుకు కాదు. మౌనం కూడా నేరమే. ఈ మాటలు చెప్పడానికి నాకు కౌన్సిల్ వాళ్లిచ్చింది మూడు నిమిషాలు.

సన్న బ్రష్‌ని నాలిక మీద తడిపి, మొన తేల్చి, గవ్వని అంటించి ఎత్తాలి. మా యూనివర్సిటీ ల్యాబ్‌లో అందరూ అంతే.

"నాలిక పెట్టకు ఇషితా. పక్కనే నీళ్లున్నాయిగా."

"అలవాటైపోయింది ఆంటీ."

"భూమి కోసం ప్రాణమిస్తారు, బ్రష్ మాత్రం గిన్నెలో ముంచరు."

బయట దుమ్ము తుఫాను లేచింది. మధ్యాహ్నమే చీకటి పడింది. గరాజ్ తలుపుని ఇసుక గోకుతోంది.

గవ్వలు ఈమధ్యవేనని కంపెనీ వాళ్లు అనకుండా మట్టిలో రంగు మందు కలిపాం. ప్రాణమున్న వాటికే గులాబీ రంగు పడుతుంది. ఇవి లక్షల ఏళ్ల నాటివి. అన్నీ తెల్లగానే ఉన్నాయి.

ఒక్కటి తప్ప.

చుట్టలు తిరిగిన చిన్న గవ్వ. మూడు గదులు. ఈ జీవులు బతికున్నంతకాలం గదులు కట్టుకుంటూ పెరుగుతాయి. కళ్లు నలుపుకుని మళ్లీ చూశాను... నాలుగు.

ఆంటీ వంగి చూసింది. చాలాసేపు తల ఎత్తలేదు.

"ముట్టుకోకు," అంది గుసగుసగా.

ముట్టుకోకుండా రుజువెలా? బ్రష్‌తో ఎత్తాను. కరెంటు పోయింది. చీకట్లో వాసన... ఉప్పు, నాచు, తడి.

లైట్లు వెలిగేసరికి బ్రష్ నా నోట్లో ఉంది. ఎప్పుడు పెట్టుకున్నానో తెలియదు. మొన మీద ఏమీ లేదు.

ఉమ్మాను. పుక్కిలించాను. ఆంటీ ఫోన్ లైట్‌తో నోట్లోకి చూసింది.

"ఏం లేదమ్మా."

ఆ తర్వాత ఆమె పెదాలు ప్రార్థనలో కదులుతూనే ఉన్నాయి.

మర్నాడు నా పేరు పిలిచారు. మైక్ ముందు నిలబడ్డాను. నాలిక కింద ఏదో గట్టిగా... చుట్టలు చుట్టుకుని. రాత్రి ఆవగింజంత ఉండేది. ఇప్పుడు పెసరగింజంత.

నోరు తెరవాలి. టైం అయిపోతోంది.

ఎదురుగా కంపెనీ జియాలజిస్ట్ కూర్చున్నాడు. అదే బోరు మట్టిని ఆయనా పరీక్షించాడు. పెదాలు బిగించుకుని ఉన్నాడు. నోటి మూల సన్నగా గులాబీ రంగు.

నన్నే చూస్తున్నాడు. మెల్లగా... వద్దన్నట్టు తల ఊపాడు.