ఈకల గాలానికి తగిలింది

బహ్రెయిన్‌లో హిద్ అనే ఊళ్ళో, షిప్‌యార్డ్ గోడ ఆగిపోయే చోట ఒక పాత రాతి జెట్టీ ఉండేది. సగం కూలిపోయింది, మిగతా సగం నాచు పట్టిపోయింది. పగలైనా అటు వెళ్ళాలంటే ముక్కు మూసుకోవాల్సిందే. కుళ్ళిన నాచు, చచ్చిన పీతలు, ఓడల్లోంచి కారిన నూనె… అన్నీ కొట్టుకొచ్చి ఆ మూలే చేరేవి.

కానీ జనం భయపడింది కంపుకి కాదు.

చీకటి పడ్డాక అక్కడ నీళ్ళలోంచి ఎవరో ఊపిరి తీస్తారట.

చాలాసేపు మునిగి పైకొచ్చిన మనిషి తీసినట్టు… ఒక్కసారి. గట్టిగా. తర్వాత ఏ చప్పుడూ ఉండదు. ముత్యాల కోసం మునిగి తిరిగి రానివాడని కొందరు అనేవారు. డ్యూటీలో జారిపడ్డ మనవాడే అని కొందరు. ఎవరు చెప్పినా గొంతు తగ్గించే చెప్పేవారు.

నాకీ సంగతి చెప్పింది పోశన్న. జగిత్యాల దగ్గర పల్లె అతనిది. తొంభైల మొదట్లో ఆ షిప్‌యార్డ్‌లో లేబర్. లేనిపోనివి కల్పించే మనిషి కాదు. ఇది చెప్పేటప్పుడు మాత్రం కుడిచెయ్యి ఒంటికి తగలకుండా దూరంగా పెట్టుకునేవాడు.

అతని రూములోనే శ్రీనివాసరాజు గారని ఒకాయన ఉండేవారు. భీమవరం వైపు మనిషి, క్రేన్ ఫోర్‌మన్. ఆయనకి పై అధికారిగా చేసిన కెనడా ఇంజనీరొకడు దేశం వెళ్ళిపోతూ తన గాలం కర్రనీ, ఛాతీ దాకా వచ్చే రబ్బరు తొడుగునీ రాజుగారికి ఇచ్చేశాడు. వాటితోపాటు తన పిచ్చి కూడా అంటించిపోయాడు.

వాళ్ళ దేశంలో స్టీల్‌హెడ్ అని ఒక చేప ఉందట. సముద్రంలో పెరిగి, చలికాలంలో నదికి ఎదురీదుతూ వస్తుందట. దానికి వానపాము గుచ్చితే మజా లేదు. పక్షి ఈకల్ని గాలానికి కట్టి, పురుగులా కనిపించేట్టు చేసి, నడుం లోతు మంచునీళ్ళలో నిలబడి కొరడా ఝళిపించినట్టు విసరాలి. రోజంతా విసిరినా పడదు. పడిందా… భుజం దాకా కరెంటు కొట్టినట్టుంటుందట.

"ఆ దెబ్బ ఒక్కసారి తగలాలయ్యా పోశన్నా," అనేవారు రాజుగారు. "ఇక్కడ నది లేకపోతేనేం? చలి ఉంది, సముద్రం ఉంది."

అప్పట్నుంచి రూము నరకమైంది. మెస్సులో కోళ్ళు కోసినప్పుడల్లా ఆయన ఈకలు ఏరుకొచ్చేవారు. నెత్తురు ఎండిన ఈకలు, కొసన తోలు ముక్క వేలాడే ఈకలు. అన్నీ మంచం కింద అట్టపెట్టెలో. ఆ పెట్టెకి పురుగు పట్టింది. పోశన్నకి నీచు వాసనంటేనే వాంతి. చేపలు వండిన రోజు పెరుగన్నం తిని పడుకునే మనిషి. అయినా నోరెత్తలేదు. ఓడ ట్యాంకుల అడుగున మడ్డి గోకుతూ ఊపిరాడక చస్తుంటే, అక్కణ్ణుంచి తప్పించి క్రేన్ పనిలోకి తీసుకున్నది రాజుగారే మరి.

అందుకే ఆ జనవరిలో ఒక శుక్రవారం, "తోడు రావయ్యా" అని ఆయన అడిగితే కాదనలేకపోయాడు.

"ఏడికి సార్?"

"పాత జెట్టీకి."

పోశన్న మొహం చూసి రాజుగారు నవ్వారు. "ఎవరూ వెళ్ళరు కాబట్టే అక్కడ చేప ఉంటుంది. పొద్దు గూకే వేళే దానికి ఆకలి."

ఆ సాయంత్రం ఉత్తరపు గాలి ఎముకలు కొరికేస్తోంది. పోశన్న మంకీ క్యాపు ముక్కు మీదికి లాక్కుని, టార్చిలైటు పట్టుకుని జెట్టీ రాళ్ళ మీద కూర్చున్నాడు. కూర్చున్న చోట చెయ్యి పెడితే జిగటగా ఏదో అంటుకుంది. లుంగీకి తుడుచుకుంటే లుంగీ కంపు కొట్టింది.

రాజుగారు రబ్బరు తొడుగు వేసుకుని బురదలోకి దిగారు. అడుగు వేసినప్పుడల్లా బురద బుడగలు కక్కుతోంది. నడుం లోతుకి వెళ్ళి నిలబడి విసరడం మొదలుపెట్టారు. తాడు వెనక్కి వెళ్ళి, గాల్లో మెలి తిరిగి, ముందుకి… మళ్ళీ వెనక్కి… మళ్ళీ ముందుకి.

మగ్రిబ్ నమాజు పిలుపు అయిపోయింది. సముద్రం నల్లబడింది. ఒక్క చేపా ముట్టలేదు.

అప్పుడు వినిపించింది.

హు… ఫ్…

ఎడమవైపు నుంచి. నీళ్ళకి పైనే.

పోశన్న లేచి నిలబడ్డాడు. "సార్… ఎవలో ఊపిరి తీస్తున్రు సార్…"

"గాలయ్యా."

"గాలి గాదు సార్. పోదాం పా. మీకు దండం పెడ్త…"

"ఉష్! తగిలింది."

తాడు బిగిసింది. కానీ కరెంటు కొట్టలేదు. గింజుకోలేదు. తడిసిన బస్తాలా, బరువుగా, మెల్లగా వస్తోందంతే. రాజుగారు చుట్టుకుంటూ పోయారు. అది దగ్గరయ్యేకొద్దీ కంపు ముందుగా వచ్చింది. మామూలు కంపు కాదు… తియ్యగా, గొంతులోకి దిగి అక్కడే కూర్చునే కంపు.

"లైటెయ్యి," అన్నారు రాజుగారు ముక్కు మూసుకునే.

పోశన్న వేశాడు.

గుండ్రటి తల. జుట్టు లేదు. చెవుల్లేవు. కళ్ళుండాల్సిన చోట గుంటలు, ఒక గుంటలోంచి చిన్న పీత బయటికి పాకుతోంది. ఉబ్బిన బూడిదరంగు ఒళ్ళు. పక్కన పొట్టి చెయ్యొకటి తేలుతోంది… వేళ్ళు లేని చెయ్యి. గాలం ఆ చంకలో దిగి ఉంది.

"పసిబిడ్డ… సార్, పసిబిడ్డ…"

రాజుగారికి ఇద్దరు ఆడపిల్లలు. ఆయన అన్నారు, "ఎవరి బిడ్డోనయ్యా. ఇలా వదిలేసి ఎలా పోతాం?" అని, ఒడ్డుకి చేర్చుదామని భుజం పట్టుకుని లాగారు.

ఉడికిన చామదుంప తొక్కలా చర్మం ఊడి ఆయన చేతిలోకి వచ్చింది.

ఆయన కేక వేసేలోపు… సరిగ్గా ఆయన మెడ వెనక…

హు… ఫ్…

వేడి ఊపిరి. పులిసిన గడ్డి వాసన. నీళ్ళు పైకి లేచాయి. టార్చి వెలుగులో మనిషి తల కంటే పెద్ద తలొకటి, వెడల్పాటి మూతి, మూతి నిండా ముళ్ళలాంటి వెంట్రుకలు. అది రాజుగారిని ఒక్క తోపు తోసి, ఆ బిడ్డ కిందకి దూరింది.

రాజుగారు వెల్లకిలా పడ్డారు. ఆ రబ్బరు తొడుగులోకి నీళ్ళు పట్టాయంటే మనిషి రాళ్ళ మూట అయిపోతాడు. ఆయన చెయ్యొకటి పైకి లేచింది. మునిగింది. మళ్ళీ లేవలేదు.

పోశన్నకి ఈత రాదు. "దూకిన్నో, పడ్డనో నాకు ఎరుక లేదు," అన్నాడు నాతో. చన్నీళ్ళు గుండెని పిండేశాయి. బురద మోకాళ్ళ దాకా మింగింది. ఎడమచేతికి తొడుగు పట్టీ దొరికింది. నిలదొక్కుకోవడానికి కుడిచేత్తో ఏదో పట్టుకున్నాడు. అది మెత్తగా లోపలికి దిగిపోయింది… మోచేతి దాకా. ఆ బిడ్డ కడుపు.

ఆ చెయ్యి లాక్కుని, గుడ్డిగా ఈడ్చుకుంటూ వచ్చి రాజుగారిని రాళ్ళ మీద పడేశాడు. ఇద్దరూ పక్కపక్కనే పడి వాంతి చేసుకున్నారు. కడుపులో ఏమీ మిగలకపోయినా వాంతి ఆగలేదు.

ఆ అరుపులకి పడవల షెడ్డులోంచి ఒక బహ్రెయినీ ముసలాయన లాంతరు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. రాజుగారు నీళ్ళ వైపు వేలు చూపించి, "హాజీ… దెయ్యం… బిడ్డ…" అన్నారు.

ముసలాయన లాంతరెత్తి చూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత వచ్చీరాని హిందీలో చెప్పాడు. దెయ్యం కాదు, ఖలాస్, ఇక చాలు, భయపడకండి. సముద్రపు ఆవు. నీటి అడుగున గడ్డి మేస్తుంది. మనిషిలాగే పైకొచ్చి ఊపిరి తీస్తుంది. చలికాలమైతే ఈ మూలకి వస్తుంటుంది. దీని దూడ చచ్చిపోయింది. తల్లి వదల్లేకపోతోంది. కుళ్ళిపోయినా ఊపిరి తీయించాలని మాటిమాటికీ పైకెత్తుతోంది.

చూస్తుండగానే ఆ తల మళ్ళీ లేచింది. చర్మం ఊడిన ఆ ముద్దని మూతితో నీళ్ళ మీదికి ఎత్తింది. కాసేపు అలాగే పట్టుకుంది. తర్వాత రెండూ మునిగిపోయాయి. గాలం, తాడు, కర్ర… అన్నీ వాటి వెంటే పోయాయి.

రాజుగారు వణుకుతూనే నవ్వడం మొదలుపెట్టారు. "ఆవయ్యా పోశన్నా… ఆవు! ఎవరికీ చెప్పకు. క్యాంపంతా నవ్వుతుంది."

పోశన్న ఎవరికీ చెప్పలేదు. కానీ చెయ్యి ఊరుకోలేదు. సబ్బు, నిమ్మకాయ, కిరసనాయిలు… దేనికీ ఆ కంపు పోలేదు. మెతుకు నోటి దాకా తెచ్చి మళ్ళీ పళ్ళెంలో పడేసేవాడు. రొట్టె ముక్క ముళ్ళచెంచాతో గుచ్చి మింగేవాడు. మనిషి సగమయ్యాడు. రాజుగారి పరిస్థితీ అంతే. ఈకల పెట్టెని ఆయనే తీసుకెళ్ళి తగలబెట్టారు.

వారం తిరిగింది. శుక్రవారం మధ్యాహ్నం మెస్సులోంచి మసాలా వాసన వచ్చింది. లవంగాలు, వేయించిన ఉల్లి, నెయ్యి. ఆ చెయ్యి కంపుని మొదటిసారి ఇంకో వాసన కప్పేసింది. వంటాయన కన్నబాబు రాజుగారి పక్క ఊరివాడే, మంచి చెయ్యి. పళ్ళాలు పెట్టి, ఎర్రటి కూర వడ్డించాడు.

పోశన్న భయంభయంగా ఒక ముక్క నోట్లో పెట్టుకున్నాడు. మెత్తగా కరిగిపోయింది. వాంతి రాలేదు! ఇంకోటి తిన్నాడు. ఎదురుగా రాజుగారు కూడా తలెత్తకుండా తింటున్నారు. ఇన్నాళ్ళ ఆకలీ ఒక్కసారి వచ్చి మీద పడింది. ఇద్దరూ పళ్ళాలు నాకినంత పని చేశారు.

"కన్నబాబూ, ఏం మటనయ్యా ఇది? లేత దూడలా ఉంది," అన్నారు రాజుగారు మూతి తుడుచుకుంటూ.

కన్నబాబు మొహం వెలిగిపోయింది.

"మటనెక్కడిదండీ రాజుగారూ! హిద్ పడవలోళ్ళు ఇచ్చారండి. వాళ్ళ వలలో చిక్కుకుని చచ్చిపోయిందంట. చేపే అన్నారు గానీ, చేపకి మూతి నిండా అన్ని మీసాలుంటాయాండీ? చంక కింద కోస్తుంటే పాలండీ… చిక్కటి పాలు! ఎంత కడిగినా ఆగవే… ఆయ్! ఇంకో గరిటె వెయ్యమంటారా?"