ఏడో చిప్

“ఈ చిప్‌ని తిరగేసి పెట్టిన మహానుభావులెవరండీ?”

కౌంటర్ వెనక నుంచి వినిపించిన మొదటి మాట అదే. జుట్టు ముడిలో పెన్సిల్ గుచ్చుకుని, చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకుని ఆ అమ్మాయి నన్ను చూసిన చూపులో, మహానుభావులకిచ్చే గౌరవం మాత్రం లేదు.

“మా ఇంట్లో వాళ్ళెవరో అయ్యుంటారు,” అన్నాను.

“ఇంట్లో ఎవరెవరుంటారు?”

“మా అత్త, నేను.”

“అత్తగారు పెట్టారా?”

“కాదు.”

“సరే, ఇంకెవరో ఆలోచించి చెప్పండి. నాకేం తొందర లేదు.”

ఒప్పుకోక తప్పలేదు. వీడియో చూసి, ఆన్‌లైన్‌లో ఒక చిప్ తెప్పించి, నేనే మార్చానన్నాను.

“మిగతా ఏడు చిప్‌లూ ఒకవైపు చూస్తుంటే ఇదొక్కటే రెండోవైపు చూస్తోంది. మీకు అనుమానం రాలేదా? అది కాలిపోయింది. తీసేసిన పాతదేదీ?”

“పీకుతుంటే దాని కాళ్ళు విరిగిపోయాయి.”

“శభాష్. ఇంతకీ మీరేం చేస్తుంటారు?”

“కళ్ళజోళ్ళ షాపండి. రెండు వీధుల అవతల.”

“అలాగా! మీరొకటి పెట్టుకుని చూడాల్సింది,” అంది.

కోపం వచ్చింది. పెట్టె తీసుకుని వెళ్ళిపోదామనుకున్నాను. కానీ ఊళ్ళో అంత పాత కంప్యూటర్లు బాగుచేసేది ఆ అమ్మాయి ఒక్కతే. పైగా ఆ పెట్టె నాది కాదు, మా అత్తది.

మా నాన్నకి అక్క ఆవిడ. బస్సు డిపోలో డ్యూటీ గుమాస్తాగా పనిచేసి రిటైరైంది. ఆ రోజుల్లో ఆదివారం సెలవులు ఆఫీసుకి కావలసినవాళ్ళకే దొరికేవట. డిపోకి ఈ కంప్యూటర్ వచ్చినప్పుడు ఎవరూ దాన్ని ముట్టుకోలేదు. మా అత్త మాత్రం ఏడాదిపాటు మధ్యాహ్నం భోజనాల వేళ దాని ముందు కూర్చుని, డ్యూటీలు అందరికీ సమానంగా పంచే ప్రోగ్రామ్ రాసింది. మెడల్ వచ్చింది మాత్రం ఆఫీసరుగారికి. డిపోవాళ్ళు తుక్కుకింద అమ్మేస్తున్న రోజున ఆ కంప్యూటర్‌ని అత్త కొనుక్కుని ఇంటికి తెచ్చుకుంది. ప్రోగ్రామ్ ఒక క్యాసెట్‌లో ఉంది. దాని చివర అత్త పేరు, తారీఖు ఉన్నాయి. కానీ ఈ మెషీన్ నడిస్తేనే అవి కనబడతాయి.

“ఇంకో పదకొండు రోజుల్లో డిపో యాభయ్యేళ్ళ సభ,” అన్నాను. “ముఖ్య అతిథి ఆ ఆఫీసరుగారే. డ్యూటీ ప్రోగ్రామ్ ఆయనే తయారుచేశారని కార్డులో వేశారు. పాత మెషీన్ చూపిస్తానని అత్త పది నిమిషాలు అడిగి తీసుకుంది.”

ఆ అమ్మాయి స్క్రూడ్రైవర్ కింద పెట్టింది.

“ఈ మాట ముందు చెప్పాలి కదండీ! రేపు సాయంత్రం రండి. మీ చేతులు మాత్రం జేబుల్లో ఉండాలి.”

మర్నాటి నుంచి షాపు కట్టేయగానే అక్కడికి వెళ్ళేవాణ్ణి. ముందు కరెంటు సరిగ్గా వస్తోందో లేదో చూసింది. వస్తోంది. తన దగ్గరున్న ఒకే ఒక్క చిప్‌ని మూడో స్థానంలో, నేను కాల్చిన దాని చోట పెట్టింది. స్విచ్ వేస్తే తెరనిండా చెత్త అక్షరాలు.

“ఈ మెషీన్ ప్రతి అక్షరాన్నీ ఎనిమిది ముక్కలు చేసి, ఒక్కో ముక్కనీ ఒక్కో చిప్‌లో దాచుకుంటుంది,” అని చెప్పింది. “ఒక్క చిప్ తప్పు చెప్పినా అక్షరం మారిపోతుంది. ఇప్పుడు మూడోది తప్పు చెబుతోంది.”

“కొత్తది పెట్టారుగా?”

“అందుకే దాన్నీ ఐదోదాన్నీ అటూ ఇటూ మారుద్దాం. తప్పు చిప్‌తోపాటు ఐదో స్థానానికి వెళ్తే చిప్ దోషం. మూడోచోటే ఉండిపోతే ఆ చోటుదే దోషం.”

మార్చింది. తప్పు మూడోచోటే ఉండిపోయింది.

“అసలు మీరు ఎనిమిదింటిలో మూడోదాన్నే ఎందుకు పీకారు?” అని హఠాత్తుగా అడిగింది.

“కొంచెం ఒరిగినట్టు కనిపించింది.”

ఆమె నావైపు తిరిగింది. నేను జేబులోంచి చెయ్యి తీసి, అద్దాల గీతలు వెతికే భూతద్దం కంటికి పెట్టుకుని ఆ చోటు చూశాను. చిప్ కూర్చునే సాకెట్‌లో ఒక కాలు తుప్పుపట్టి, అడుగున వెంట్రుకంత విరిగి ఉంది.

“ఏదీ?” అంటూ వంగింది. భూతద్దం ఒక్కటే. తల పక్కకి తల వచ్చింది. ఆ క్షణంలో నాకు సాకెట్ కనిపించడం మానేసింది.

“బాగా కనిపెట్టారు,” అంది. అరగంటలో సాకెట్ మార్చింది. తెర శుభ్రంగా నల్లబడి, మూల చిన్న చదరం మినుకుమినుకుమంది. ఇద్దరం ఒక్కసారే అరిచాం.

ఆ సంతోషం ఇరవై నిమిషాలు. మెషీన్ వేడెక్కగానే తెర మళ్ళీ కకావికలైంది.

రెండు రోజులు వెతికింది. చివరికి హెయిర్ డ్రయ్యర్ తెచ్చి, అట్టముక్క అడ్డం పెట్టి ఒక్కో చిప్‌నీ విడిగా వేడిచేసింది. ఆరు చిప్‌ల దాకా ఏమీ కాలేదు. ఏడోదానికి గాలి తగలగానే అక్షరాలు కొట్టుకుపోయాయి.

“దొరికింది దొంగ!” అన్నాను.

ఆమె నవ్వలేదు. “పట్టుకుని ఏం చేస్తాం? మార్చడానికి ఇంకోటి లేదు. ఆన్‌లైన్‌లో తెప్పించే వ్యవధీ లేదు. పాత వీడియో గేమ్ బోర్డుల్లో ఇవే వాడేవారు. ఇప్పుడవి ఎక్కడ దొరుకుతాయి?”

సభకి రెండు రోజులుంది. మర్నాడు నేను షాపు తెరవలేదు. పాత సామాన్ల దుకాణాలు ఎనిమిది తిరిగాను. తొమ్మిదోదాంట్లో, విరిగిన ఫ్యాన్ల కింద ఒక గేమ్ బోర్డు దొరికింది. బయట ఆకాశం చిల్లుపడినట్టు వాన.

నన్ను గుమ్మంలో చూసి ఆమె హడలిపోయింది.

“రెయిన్‌కోట్ లేదా మీకు?”

“ఉంది.”

“మరి?”

“బోర్డు వేసుకుంది.”

పొడిగా ఉన్న మూట అందించాను. ఆమె మూటను చూసింది, నన్ను చూసింది, లోపలికి వెళ్ళి తువ్వాలు తెచ్చింది. “తల తుడుచుకోండి,” అంది. గొంతులో ఆ పాత కారం లేదు.

బోర్డు మీద పదహారు చిప్‌లుంటే బతికున్నవి నాలుగు. అందులో ఒకటి ఏడో స్థానంలో కూర్చుంది. మూడు గంటలు పరీక్ష నడిచింది. తప్పులు సున్నా. ఆ అమ్మాయి నా రెండు చేతులూ పట్టుకుని ఊపేసింది. ఊపడం అయ్యాక కూడా వదలడం మర్చిపోయింది. నేను గుర్తుచేయలేదు.

ఆదివారం ఉదయం డిపో షెడ్డులో కుర్చీలు చాలలేదు. ఆ అమ్మాయీ నేనూ మెషీన్‌ని వేదిక మీద పెట్టి తీగలు కలిపాం. క్యాసెట్ కీచుమంటూ ఆరు నిమిషాలు తిరిగింది. జనం నవ్వారు. మా అత్త మాత్రం బస్సు టైముకే వస్తుందన్నంత నిబ్బరంగా నిలబడింది.

ప్రోగ్రామ్ నడవడం మొదలైంది. అత్త ఒక నంబర్ కొట్టగానే ఆ డ్రైవర్ డ్యూటీలూ సెలవులూ వరుసగా వచ్చాయి.

వెనక వరుసలోంచి ఒక ముసలాయన లేచాడు. “అమ్మా, అది నా నంబరు! మా పిల్లతో మొదటిసారి ఆదివారం ఇంట్లో ఉన్నది ఈ చార్టు పుణ్యమే!”

చప్పట్లు. అత్త ఇంకో మాట కొట్టింది. తెర మీద ప్రోగ్రామంతా పైకి జరిగి, చివరి వరుసలో ఆగింది. అత్త పేరు, డ్యూటీ గుమాస్తా, తారీఖు.

ఆఫీసరుగారు కళ్ళజోడు సవరించుకుని దగ్గరికొచ్చి చదివారు. ఆయన మైకు అందుకున్నారు.

“దీన్ని ఎవరు రాశారని అప్పట్లో నేను అడగలేదు. మెడల్ ఇస్తే పుచ్చుకున్నాను. అది తప్పు. ఈ వేదిక ఈవిడది.”

డ్రైవర్లు, కండక్టర్లు అంతా లేచి నిలబడ్డారు. చప్పట్లకి రేకులు అదిరాయి. మా అత్త మైకులో ఒక్క మాటే అంది: “ఆలస్యంగానైనా బండి వచ్చింది. సంతోషం.”

జనం పలచబడ్డాక అత్త మా ఇద్దరి దగ్గరికీ వచ్చింది.

“ఒరేయ్, ఈ అమ్మాయి నాకు నచ్చింది. నీకు నచ్చిందా అని అడగను, పదకొండు రోజులుగా నీ మొహం చూస్తూనే ఉన్నా. అమ్మాయ్, వీడు నీకు నచ్చాడా?”

“ఆయన నన్ను అడగందే నేనేం చెప్పనండీ?” అంది, తీగ చుట్టడంలో మునిగిపోయినట్టు నటిస్తూ.

ఇక అడిగేశాను. “నన్ను పెళ్ళి చేసుకుంటారా?”

“‘రా’ ఎందుకు? ‘చేసుకుంటావా’ అని అడుగు.”

“చేసుకుంటావా?”

“చేసుకుంటాను,” అంది. షెడ్డంతా వినిపించేంత గట్టిగా.