తూనీగ ద్వారం

పడవ కదిలిపోయింది.

తూనీగ వేళ్లు కీబోర్డు మీద అలాగే ఆగిపోయాయి. స్క్రీన్ మీద ఆమె బొమ్మ రేవు చివరిదాకా పరుగెత్తుకొచ్చి నిలబడిపోయింది. పచ్చటి అంగీ, వీపున చిన్న విల్లు. ఎదురుగా మూరెడు వెడల్పున నీళ్లు, ఆ నీళ్లకు అవతల పడవ. చూస్తూ ఉండగానే మూరెడు కాస్తా బారెడైంది.

శనివారం మధ్యాహ్నం సరిగ్గా రెండూ నలభై అయిదు. పడవ పావుగంటకొకటి బయలుదేరుతుంది. అవతలి దీవికి చేరడానికి పన్నెండు నిమిషాలు పడుతుంది. అక్కడి నిప్పుకోనలో శనివారాల్లో వెండి లాంతరు కోసం పోటీ జరుగుతుంది; దాని తలుపు మూడింటికి మూసేస్తారు. కాబట్టి ఈ పడవ తప్పితే ఈ వారానికి నిప్పుకోన కూడా తప్పినట్టే.

ఆ ఆట పేరు ఏడు దీవులు. అందులో ఒక్కొక్కరూ ఒక్కో మనిషి వేషం వేసుకుని తిరుగుతారు. ఎక్కడెక్కడి ఊళ్లలోనో ఇళ్లలో కూర్చున్న వేలమంది అక్కడ ఒకే సముద్రం ఒడ్డున కలుసుకుంటారు. తూనీగ అన్నది అమ్మ పెట్టిన ముద్దుపేరు. ఒకచోట వాలి కుదురుగా ఉండదని అలా పిలిచేది. ఆటలోనూ తను ఆ పేరే పెట్టుకుంది.

పక్క కుర్చీలో అమ్మ ఫోను పట్టుకుని అదే ఆట ఆడుతోంది. ఏడు నెలల కిందట తూనీగే ఆమెను అందులో చేర్పించి, తాబేలు అని పేరు పెట్టింది. ఆ పేరు సరిగ్గా సరిపోయింది. తాబేలు ఇప్పటికీ రెండో లెవెల్ దాటలేదు.

"నేను ఆ పడవలోనే ఉన్నానే. నిన్ను చూసి చెయ్యి కూడా ఊపాను," అంది అమ్మ.

తూనీగకు ఆ మాట వినిపించలేదు. అప్పుడే బఠాణీ నుంచి సందేశం వచ్చింది. బఠాణీ ఆమె క్లాసువాడు. గుండ్రంగా, పొట్టిగా ఉంటాడు. ఏ పోటీలోనైనా ముందు దొర్లుకుంటూ వెళ్లిపోతాడు.

"వెండి లాంతరు నాకే వచ్చేట్టుంది. నువ్వు అక్కడే చేపలు పట్టుకో," అని రాశాడు.

తూనీగ కళ్లలో నీళ్లు తిరిగాయి. తప్పు తనది కాదనిపించింది. తప్పంతా పడవదే.

*

ఆటలో చర్చల గోడ అని ఒకటి ఉంది. ఆట ఎలా ఉండాలో ఆడేవాళ్లందరూ అక్కడ వాదించుకుంటారు. తయారుచేసేవాళ్లు చదువుతారు. పడవ గురించి ఆ గోడ మీద నెలల తరబడి గొడవ నడుస్తోంది.

"బడి, హోంవర్కు పోగా మాకు మిగిలేది గంట. అందులో సగం పడవకే పోతే ఆడేదెప్పుడు?" అని ఒకరు రాశారు. పడవ తీసేసి, అడుగుపెట్టగానే అవతల తేలే మాయద్వారం పెట్టమని అడిగారు. ద్వారం పెడితే ఏడు దీవులు ఏడు గదులైపోతాయని, మధ్యలో సముద్రం ఉన్నా లేనట్టేనని ఇంకొకరు బదులిచ్చారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. అందుకే ఆ వాదన ఎటూ తెగలేదు.

తూనీగ దాన్ని తెగ్గొట్టాలనుకుంది. ఎలాగో కూడా ఆమెకు తెలుసు. ఆ నెలలోనే లెక్కల టీచర్ సర్వే చేయడం నేర్పారు. ఒకే ప్రశ్న అందరినీ ఒకేలా అడగాలి. జవాబులు లెక్కపెట్టాలి. ఎన్ని జవాబులో అంత ఎత్తున పట్టీలు గీసి చూపాలి.

ఆదివారం నుంచి బుధవారం దాకా, రోజూ సాయంత్రం తూనీగ ఆటలోని పెద్ద బజారులో నిలబడింది. కత్తులకు పదును పెట్టించుకునేవాళ్లు, మందుసీసాలు కొనుక్కునేవాళ్లు, యుద్ధానికి జతకోసం వెతుక్కునేవాళ్లు ఎక్కువగా ఉండేది అక్కడే. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, పడవ కావాలా, ద్వారం కావాలా అని అడిగింది. రూళ్ల నోటుబుక్కులో గీతలు గీసుకుంది. మొత్తం రెండు వందల మంది. ద్వారం కావాలన్నవాళ్లు నూట డెబ్బై ఒక్కరు. ఎర్ర పట్టీ పేజీ పైదాకా వచ్చింది. నీలి పట్టీ కింద ఎక్కడో ఉండిపోయింది.

ఆ బొమ్మను గోడ మీద పెట్టింది.

అంతవరకూ అందరూ తమకు తోచింది రాశారు. లెక్క తెచ్చింది తూనీగ ఒక్కతే. తయారుచేసేవాళ్లు ఆ బొమ్మ కింద మెచ్చుకుంటూ నాలుగు వాక్యాలు రాశారు. రెండు వారాలు తిరిగేసరికి రేవులో పడవ లేదు. దాని చోట పాలరాతి కమాను నిలిచింది. కమాను నడుమ నీలిరంగు వెలుగు చెరువు నీళ్లలా కదులుతోంది. అందరూ దాన్ని తూనీగ ద్వారం అని పిలవడం మొదలుపెట్టారు.

ఆ శనివారం తూనీగ నిప్పుకోనకు అందరికన్నా ముందు చేరింది. వెండి లాంతరు గెలుచుకుంది. ఒళ్లంతా గాల్లో తేలిపోతున్నట్టు అనిపించింది.

"అమ్మా, చూడు," అని పక్కకు తిరిగింది.

పక్క కుర్చీ ఖాళీగా ఉంది.

*

మొదటి నాలుగు రోజులూ తూనీగ దాన్ని పట్టించుకోలేదు. అమ్మ దర్జీపని చేస్తుంది. ముందుగదిలో కుట్టుమిషను, దారపు రీళ్లు, గుండీల డబ్బా. పాంట్ల అంచులు మడవడం, చెడిపోయిన జిప్పులు మార్చడం, కాజాలు కుట్టడం ఆమె పని. బళ్లు తెరిచే రోజుల్లో యూనిఫారాలు గుట్టలుగా పడి ఉంటాయి. పని ఎక్కువై ఉంటుందిలే అనుకుంది.

అయిదో రోజు సాయంత్రం ఆరింటికి మిషను చప్పుడు ఆగింది. తూనీగ చెవులు నిక్కబొడుచుకుంది. ఏడు నెలలుగా ఆ చప్పుడు ఆగిన రెండు నిమిషాలకు అమ్మ చీర కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చునేది. ఇవాళ రాలేదు.

తూనీగ లేచి వెళ్లి చూసింది. బట్టలన్నీ మడతపెట్టి ఉన్నాయి. పని ఏమీ మిగల్లేదు. అమ్మ కిటికీ ముందు కూర్చుని ఎదుటి ఇంటి గోడకేసి చూస్తోంది. ఆ గోడ కిటికీకి మూడు బారల దూరం. దాని మీద సున్నం మరకలు తప్ప చూడడానికి ఏమీ లేదు.

"ఆడుకోవడానికి రావట్లేదేమమ్మా?"

"ఊరికేనే. నువ్వు ఆడుకో తల్లీ."

అమ్మ ఊరికే అన్నదంటే ఊరికే కాదని తూనీగకు తెలుసు. బల్ల మీది ఫోను తీసుకుని ఆట తెరిచింది. తాబేలు ఖాళీ రేవులో ఒంటరిగా నిలబడి ఉంది. దాని సంచి విప్పి చూసింది. కత్తి లేదు, మందుసీసా లేదు. సంచినిండా పడవ టికెట్టు ముక్కలే. పడవ ఎక్కిన ప్రతిసారీ ఒకటి ఇస్తారు. దేనికీ పనికిరాదు కనుక అందరూ పారేస్తారు. తాబేలు ఒక్కటీ పారేయలేదు. నాలుగు వందల పన్నెండు ముక్కలు.

తూనీగ మనసులోనే గుణించింది. ఒక్కో ప్రయాణం పన్నెండు నిమిషాలు. మొత్తం ఎనభై రెండు గంటల పైచిలుకు.

"రోజూ పడవలోనే ఉండేదానివా?"

"పోవడం, రావడం. అంతే," అంది అమ్మ. తరవాత తనే చెప్పింది. రోజంతా సూది మొన చూసీ చూసీ కళ్లు లాగేస్తాయట. మధ్యమధ్య దూరంగా చూడమని కళ్ల డాక్టరు చెప్పారట. ఈ ఇంట్లో దూరం ఎక్కడుంది? పడవ అంచున కూర్చుంటే నీళ్లు, నీళ్ల చివర మబ్బులు, ఆ మబ్బుల కింద ఇంకో దీవి లేతగా కనిపించేవి. "డాక్టరు చెప్పిన దూరం అది కాదని నాకు తెలుసులే. కానీ నా కళ్లకు తెలియదుగా," అని నవ్వింది.

పడవలో రోజూ ఏడెనిమిది మంది వచ్చేవారట. ఎవరూ ఎక్కువ మాట్లాడేవారు కాదు. ఆవులింత అనే ఆయన బేకరీలో రొట్టెలు కాల్చి అలసిపోయి వచ్చేవాడు. గొడుగు అనే ఆవిడ పసిబిడ్డను ఒళ్లో పడుకోబెట్టుకుని ఒంటి వేలితో ఆడేది. ఆమె ఒక్క మాట టైపు చేసేసరికి పడవ సగం సముద్రం దాటేదట.

"మరి చర్చల గోడ మీద ఒక్కరూ రాయలేదేం?"

"అలాంటి గోడొకటి ఉందనే మాకు తెలియదే. నీ ఓట్ల సంగతి కూడా పడవ పోయాకే తెలిసింది."

"నువ్వైనా నాకు చెప్పొచ్చుగా, నీకు పడవ ఇష్టమని."

"నన్నెవరూ అడగలేదుగా," అంది అమ్మ.

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే. తూనీగ మాత్రం తల పైకెత్తలేకపోయింది. రెండు వందల మందిని అడిగిన నాలుగు సాయంత్రాలూ అమ్మ తన మోచేతికి జానెడు దూరంలోనే కూర్చుని ఉంది.

*

మర్నాడు తూనీగ నోటుబుక్కు తీసుకెళ్లి లెక్కల టీచరుకు చూపించింది. కూడిక తప్పిందా అని అడిగింది. టీచర్ గీతలన్నీ లెక్కపెట్టి, కూడిక సరిగానే ఉందన్నారు. తరవాత ఒక్క ప్రశ్న వేశారు.

"ఎక్కడ నిలబడి అడిగావు?"

"బజారులో టీచర్."

"నువ్వు అడుగుతున్నప్పుడు పడవంటే ఇష్టపడేవాళ్లు ఎక్కడున్నారు?"

తూనీగ నోటుబుక్కులోని గీతలకేసి చూసింది. టీచర్ పుస్తకం మూసి ఆమె చేతికిచ్చారు.

ఆ సాయంత్రమే తూనీగ చర్చల గోడ మీద ఇలా రాసింది: "నా కూడిక తప్పు కాదు. నేను నిలబడిన చోటు తప్పు. పడవ గురించి అడిగాను కానీ పడవ ఎక్కి అడగలేదు. అక్కడున్నవాళ్లను ఇప్పుడు అడగబోతున్నాను."

గోడ మీద వెటకారాలు వర్షంలా కురిశాయి. తియ్యమన్నదీ నువ్వే, పెట్టమన్నదీ నువ్వే, మధ్యలో మేమేమైనా బంతులమా అని ఒకరు రాశారు. బడిలో బఠాణీ రెండు రోజులు ఆమెను 'రానూపోనూ టికెట్టు' అని పిలిచాడు. తూనీగ చెవులు ఎర్రబడ్డాయి కానీ రాసింది చెరిపేయలేదు.

అమ్మను అడిగి పడవవాళ్లు వచ్చే వేళలు రాసుకుంది. వాళ్లలో కొందరు అలవాటుకొద్దీ ఇంకా ఖాళీ రేవుకు వచ్చి, కాసేపు నిలబడి వెళ్లిపోతున్నారు. తూనీగ ఒక్కొక్కరి కోసం ఎదురుచూసింది. ఆవులింత రెండు ముక్కల్లో తేల్చేశాడు. గొడుగు జవాబు పూర్తయ్యేసరికి పదకొండు నిమిషాలు పట్టింది. మధ్యలో బిడ్డ లేచినట్టుంది. పదకొండు నిమిషాలూ తూనీగ కదలకుండా కూర్చుంది. ఆ జవాబులను పట్టీలుగా గీయలేదు. ఎవరి మాట వాళ్లదిగానే రాసి పెట్టింది.

ఆ జవాబులు గోడ మీద పెట్టిన పంతొమ్మిదో రోజున తయారుచేసేవాళ్ల నుంచి సమాధానం వచ్చింది. ద్వారం ఉంటుంది. అది చాలామందికి అవసరమే. దానితో పాటు రోజూ సాయంత్రం ఆరింటికి ఒక పడవ వెళ్లి వస్తుంది. కొన్నాళ్లు చూసి తరవాత సంగతి ఆలోచిస్తామన్నారు.

ఆ రోజు ఆరింటికి మిషను చప్పుడు ఆగింది. తూనీగ కుర్చీని కాస్త పక్కకు జరిపి చోటు చేసింది. అమ్మ కళ్లద్దాలు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. స్క్రీన్ మీద తాబేలు పక్కన తూనీగ పడవ అంచున కాళ్లు వేలాడేసుకుంది. నీళ్లు మెల్లగా వెనక్కి జరుగుతున్నాయి. మబ్బుల కింద అవతలి దీవి ముందు ఊదాగా, తరవాత నీలంగా, ఆ తరవాత పచ్చగా తేలింది. ఇన్నాళ్లూ తూనీగ దాన్ని పచ్చగా తప్ప చూడలేదు.

*

నెల తిరగకముందే గోడ మీద కొత్త గొడవ మొదలైంది. ఉత్తరపు అడవిలో ఎప్పుడూ పొగమంచు ఉంటుంది. దారి కనిపించదు. దాన్ని తీసేయాలని కొందరు, వద్దని కొందరు.

"నువ్వో పట్టీల బొమ్మ గీస్తే చాలు, తెగిపోతుంది," అని బఠాణీ రాశాడు. "బజారుకు రా. నేను వందమందిని పోగుచేస్తా."

తూనీగ నోటుబుక్కు తెరిచింది. కొత్త పేజీలో రూళ్లకర్రతో రెండు గళ్లు గీసింది. గీసి, వాటిని కాసేపు చూసింది.

"బజారుకు తరవాత వస్తాను," అని బదులిచ్చి ఉత్తరపు దారి పట్టింది.

అడవిలో అడుగు ముందు అడుగు కనిపించలేదు. చెట్లు ఒక్కొక్కటే తెల్లగా వచ్చి తెల్లగా పోతున్నాయి. చాలాసేపు నడిచాక దూరంగా ఒక దీపం మసకగా కనిపించింది. దగ్గరికి వెళ్తే, మోడు మీద ఎవరో కూర్చుని ఉన్నారు. ఎప్పుడూ వినని పేరు. లెవెల్ రెండు.

"ఎక్కడున్నావే?" అని అమ్మ పక్కనుంచి అడిగింది.

"మంచులో. ఒకరిని అడగడానికి వచ్చాను."

తూనీగ వెండి లాంతరు నేల మీద పెట్టి, ఆ మోడు పక్కన కూర్చుంది. "మీకు ఈ మంచు ఉంటే ఎలా ఉంటుంది?" అని టైపు చేసింది.

అవతల జవాబు మొదలైంది. ఒక అక్షరం వచ్చింది. ఆగింది. ఇంకో అక్షరం వచ్చింది.

తూనీగ కీబోర్డు మీది చేతులు తీసి ఒళ్లో పెట్టుకుంది.