పన్నెండులోపు ఒక శవం కావాలి

"ఆ ఫ్లోట్లు నీళ్ళలో పడకూడదు. అలాగని ఓడ వెనక్కి పోకూడదు. రేపు మధ్యాహ్నం పన్నెండు దాకా ఆపు, చాలు."

పోర్ట్ బ్లెయిర్ డిగ్నాబాద్‌లో ఒక దర్జీ కొట్టు పైగదిలో, ఇంకా తెల్లవారకముందే, లోకనాథం ఈ మాట చెప్పి బిస్కెట్‌ను టీలో ముంచాడు. వీధివాళ్ళకు ఆయన రిటైరైన పోస్టుమాస్టరు. గూఢచారి ఏజెన్సీకి ఐలాండ్ చీఫ్.

ఎదురుగా ఏజెంట్ గోపినాథ్ మోకాలు నొక్కుకుంటూ కూర్చున్నాడు. యాభై నాలుగేళ్ళు. ముప్పై ఏళ్ళ సర్వీసులో చీఫ్ "చాలు" అన్న పని ఏదీ అంతటితో చాలలేదని ఆయనకు బాగా తెలుసు.

"బ్రీఫింగ్ కానివ్వండి సర్."

బ్రీఫింగ్ చిన్నదే. ఒకే ఏడాది రెండు తుఫాన్లు. ఉత్తర అండమాన్‌లో పొలాలకు ఉప్పు పట్టింది, పడవలు ముక్కలయ్యాయి, సప్లై షిప్ నలభై రోజులు రాలేదు. మూడు నెలలుగా జనం సర్కారు గంజి మీద బతుకుతున్నారు. ఫైళ్ళలో దీని పేరు "తాత్కాలిక ఆహార లోటు". కరువు అని రాసిన ఒక ఆఫీసరు ఆ సాయంత్రమే బదిలీ అయ్యాడు.

అప్పుడు వచ్చింది బ్లూ గ్రెయిన్ రిలీఫ్ అనే విదేశీ సంస్థ. సవాలక్ష అనుమతుల తర్వాత ఓడనిండా బియ్యం, రెండు వందల కొత్త వలలు తెచ్చింది. ప్రతి వలకీ నీటిమీద తేలే ఒక నారింజరంగు ఫ్లోట్. తుఫాను హెచ్చరిక ఇస్తుందట.

"లోపల హైడ్రోఫోన్ ఉంది. నీటి కింద చప్పుడు పట్టే మైకు" అన్నాడు లోకనాథం. "రేపు పన్నెండులోపు మన కొత్త సబ్‌మెరైన్ మాయాబందర్ ముందునుంచి ట్రయల్‌కు వెళుతుంది. దాని చప్పుడు ఒక్కసారి రికార్డయిందా, ఇక ఏ సముద్రంలో దాక్కున్నా పట్టేస్తారు."

"ట్రయల్ వాయిదా వేయండి."

"వేస్తే సమాచారం ఎవరిచ్చారో వాళ్ళకు తెలిసిపోతుంది. వాళ్ళలో ఉన్న మన మనిషి సుష్మ ప్రాణం పోతుంది."

"ఓడను పట్టుకోండి."

"బియ్యం ఇంకా దించలేదు. మనం వేలు చూపిస్తే ఓడ తిప్పుకుపోతుంది. మన బియ్యం రావాలంటే ఇంకో నెల."

ఇంకో నెల గంజి అంటే ఏమిటో గోపినాథ్‌కు విడమరిచి చెప్పక్కర్లేదు. మాయాబందర్ జాలరి కాలనీలో ఆయన చుట్టాలున్నారు.

లోకనాథం ఒక పెన్ను అందించాడు. "జామర్. పది మీటర్ల దాకా పనిచేస్తుంది."

"రెండు వందల ఫ్లోట్లు సర్. సముద్రం మీద."

"అందుకేగా పెన్నుతోపాటు నిన్ను పంపుతున్నాను."

పొద్దుటి బస్సు గరాచర్మ దాటేసరికి గోపినాథ్ ఫిషరీస్ ఇన్‌స్పెక్టరయ్యాడు. లావు కళ్ళద్దాలు, చంకలో ఫైలు. ఎవరూ రెండోసారి చూడని మనిషి. ఈ వేషానికి ఇప్పుడు పెద్ద శ్రమ కూడా అక్కర్లేకపోతోంది.

సాయంత్రం మాయాబందర్‌లో గంజి క్యూ పక్కన సుష్మ నిలబడి ఉంది. బ్లూ గ్రెయిన్ లైజాన్ ఆఫీసరు. నల్ల కళ్ళద్దాలు, పట్టు స్కార్ఫ్, ఖరీదైన సెంటు. క్యూలోని ఆడవాళ్ళు ఆమెను కాక గంజి గంగాళాన్ని చూస్తున్నారు.

"కవళ్ళ చేపలు దొరుకుతున్నాయా మేడమ్?" అన్నాడు గోపినాథ్.

"ఎండువే. అవీ ఎప్పుడో" అంది సుష్మ. కోడ్ సరిపోయింది. ఆమె గొంతు తగ్గించింది. "రేపు పదకొండు నలభై అయిదుకు పడవలు బయల్దేరతాయి. మా బాస్ హెల్మ్ స్వయంగా జెండా ఊపుతాడు. ఫ్లోటు విప్పినవాడికి బియ్యం ఇవ్వొద్దని ఆర్డరు. నీ ప్లాన్ ఏంటి?"

"ఇంకా లేదు."

"బాగుంది." ఆమె కళ్ళద్దాలు తీసి కళ్ళు నులుముకుంది. కళ్ళకింద నల్లటి చారలు. "రెండు జీతాలు తీసుకుంటున్నాను గోపినాథ్. రెండు భయాలు కూడా. నాకు నిద్ర కావాలి."

ఆయన కాలనీకి నడిచాడు. వరసకు మేనమామ గవరయ్య రేకుల ఇంటిముందు కూర్చుని కొత్త వలను వేళ్ళతో తడుముతున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి. పక్కటెముకలు లెక్కపెట్టొచ్చు. భార్య అసిరమ్మ గిన్నె తెచ్చి గోపినాథ్ ముందు పెట్టింది. సగం గంజి, సగం నీళ్ళు. వాళ్ళ వాటాలోంచి తీసిందని తెలిసి ఆయన గిన్నెను చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

"తాగు బాబూ. మొగమాటం ఏటి?" అంది అసిరమ్మ. "రేపటినుంచి సేపలొస్తాయి. మా సెల్లి కాళమ్మ ఇంకో నెల్లాళ్ళు ఓపిక పట్టుంటే దానికీ దొరికీవి. పోయినాక జొరమని రాసుకున్నారు కాగితంలో. దానికి జొరం నేదు బాబూ, తిండి నేదు. ఆయేల ఎవుడూ పడవ తియ్యనేదు. తియ్యడానికి పడవలే నేవనుకో, అయినా కట్టుబాటు కట్టుబాటే గద."

గోపినాథ్ గిన్నె కింద పెట్టాడు. చిన్నప్పటినుంచి తెలిసిన సంగతే. ఊళ్ళో చావు పడితే శవం లేచేదాకా ఏ పడవా నీళ్ళలో దిగదు. ఏ ఆర్డరూ దింపలేదు. దీన్ని ధిక్కారమని ఏ తెల్లదొరా అనలేడు.

"అత్తా, రేపు పన్నెండులోపు ఒక శవం కావాలి."

గవరయ్య కిసుక్కున నవ్వాడు. "నానున్నాను గదరా అల్లుడా. సగం పని ఎప్పుడో అయిపోనాది."

"నోర్ముయ్! పసుపూ కుంకం ఉన్న ఆడదాన్ని, నానేడవాలా?" అసిరమ్మ గోపినాథ్ వైపు తిరిగింది. "ఎందుకు బాబూ ఇదంతా?"

"చెప్పకూడదత్తా."

"ఒక్కటి సెప్పు. బియ్యం దిగుతాయా?"

"పడవలు ఆగితే దిగుతాయి. ఫ్లోట్ల సంగతి నేను చూసుకుంటాను."

ఆమె పుస్తెలు గుప్పిట పట్టుకుంది. "నా పుస్తెల జోలికి ఎవులూ రాకూడదు. బొట్టు సెరపను. ఏడుపొక్కటీ ఏడుస్తాను."

మర్నాడు జెట్టీ దగ్గర షామియానా, బ్యాండు, కెమెరాలు. డిప్యూటీ కమిషనర్ ప్రసంగం ముగించాడు. సర్కారు రిపేరు చేయించిన నలభై పడవల్లో నారింజ ఫ్లోట్లు మెరుస్తున్నాయి. పదకొండు నలభై మూడు. హెల్మ్ జెండా ఎత్తాడు.

"ఓలమ్మో! నా మావో! ఎల్లిపోనావా మావో!"

గుంపు విడిపోయింది. గవరయ్య జెట్టీ మీద వెల్లకిలా పడి ఉన్నాడు. మొదటి పడవలోంచి కాలనీ పెద్ద పెద్దబ్బాయి చూశాడు. ఏమీ అడగలేదు, చెయ్యెత్తాడంతే. ఇంజన్లు ఒక్కొక్కటే ఆగాయి.

"అరే భయ్యా, చలో చలో!" అని ఒక ఆఫీసరు అరిచాడు.

"సావు పడింది సాబ్. ఆజ్ నహీ" అన్నాడు పెద్దబ్బాయి, తలపాగా విప్పుతూ.

హెల్మ్ వాచీ చూసుకున్నాడు. పదకొండు యాభై ఒకటి. "సొమ్మసిల్లి ఉండొచ్చు. మా డాక్టర్ చూస్తాడు" అన్నాడు. తెల్లకోటు డాక్టరు స్టెతస్కోపు తీసి ముందుకొచ్చాడు.

శవం పాదాలు పట్టుకుని కూర్చున్న గోపినాథ్‌కు ఆ క్షణంలో ఒక చప్పుడు వినిపించింది. గవరయ్య కడుపు. ఆకలికి గుర్రుమంటోంది. ఇంకో నాలుగడుగులు వస్తే డాక్టరుకూ వినిపిస్తుంది.

అసిరమ్మకూ వినిపించింది. ఆమె గొంతు పెంచింది. మొగుడి పేరు వదిలేసి కాళమ్మ పేరెత్తింది. "గంజికాడ నిలబడి పడిపోనావే కాళమ్మా! జొరమన్నారే నిన్ను!" అది నాటకం కాదని గోపినాథ్‌కు అర్థమైంది. చుట్టూ ఆడవాళ్ళందరికీ అర్థమైంది. ఒకరి తర్వాత ఒకరు వచ్చి ఆమెను పట్టుకున్నారు. మూడు నెలలుగా క్యూల్లో నోరెత్తకుండా నిలబడ్డవాళ్ళు గొంతెత్తి ఏడ్చారు. ఆ ఏడుపులో జెట్టీ మీద మరే శబ్దమూ వినపడలేదు. గోపినాథ్ కూడా ఏడ్చాడు. డ్యూటీలో ఆయన ఏడవడం అదే మొదలు.

సుష్మ డాక్టరుకు అడ్డం నిలబడింది. "సర్, ఇక్కడ శవాన్ని పరాయివాళ్ళు ముట్టుకోకూడదు. ముట్టుకుంటే రేపు పేపర్లలో వచ్చేది బియ్యం సంగతి కాదు, ఇది." కెమెరాలు అప్పటికే హెల్మ్ వైపు తిరిగాయి. ఆయన జెండా దించి టోపీ తీశాడు.

పదకొండు యాభై ఎనిమిదికి గోపినాథ్ జేబులో ఫోను వణికింది. "చేప దాటింది."

గవరయ్యను ఇంటికి మోసుకుపోయి తలుపు మూశారు. హెల్మ్ మృతుడి జ్ఞాపకార్థం మొదటి బస్తా తన చేత్తో దింపి, ఫొటో దిగి, సాయంత్రం హెలికాప్టర్‌లో పోర్ట్ బ్లెయిర్ వెళ్ళాడు. రెండు రోజుల్లో బియ్యమంతా దిగింది. ఫిషరీస్ ఇన్‌స్పెక్టరు తనిఖీ పేరుతో ఫ్లోట్లన్నీ విప్పించి, మామూలు ఫ్లోట్లు కట్టించాడు. పడవలు కదిలాయి. సుష్మ ఒక పూటంతా నిద్రపోయిందని కబురొచ్చింది.

మూడో రోజు గవరయ్య సంచి పట్టుకుని రిలీఫ్ సెల్‌కు వెళ్ళాడు. జాబితాలో పేరు లేదు. చనిపోయిన రోజు సాయంత్రం నాలుగింటికే కొట్టేశారు. తుఫానుకు పోయిన ఇంటికోసం ఆయన పెట్టుకున్న అర్జీ మాత్రం ఎక్కడ వేసింది అక్కడే ఉంది.

గోపినాథ్ పరుగెత్తుకొచ్చాడు. "మనిషి ఎదురుగా ఉన్నాడు కదండీ!"

"డిప్యూటీ కమిషనర్ గారు రెండు నిమిషాలు మౌనం పాటించారు. ఫొటో ఉంది" అన్నాడు గుమాస్తా. "బతికున్నట్టు సర్టిఫికెట్ తెండి. సోమవారం సార్ వస్తారు."

లోకనాథం ఫోను చేశాడు. "శభాష్! కొత్త అసైన్‌మెంట్ రెడీగా ఉంది. ఎప్పుడొస్తావు?"

గోపినాథ్ చేతిలో టోకెన్ చూసుకున్నాడు. నూట నలభై మూడు. కిటికీలో నడుస్తున్న నంబరు పదకొండు.

"చెప్పలేను సర్" అన్నాడు మోకాలు నొక్కుకుంటూ. "సబ్‌మెరైన్‌ను దాచడం ఒక పూటలో అయింది. మా మావయ్యను బతికించడానికి టైం పట్టేలా ఉంది."